బోర్లించని కంచం

నాటకంలో నాకు వేషం దొరికింది నా అందం చూసి కాదు, నటన చూసీ కాదు. నా మొగుడు సముద్రం మీదకి వెళ్ళడు. నాకున్న అర్హత అదొక్కటే.

తొంభైల చివరి మాట ఇది. విశాఖపట్నంలో పోర్టు గోడకి ఇవతల, మత్స్యకారుల కాలనీకి కూతవేటు దూరంలో మా అద్దిల్లు. మా ఆయన ఓడల్లోంచి సరుకు దించే ఓ ప్రైవేటు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. పెళ్ళై కృష్ణాజిల్లా నుంచి దిగిన కొత్తలో ఈ ఊళ్ళో నాకు పరిచయమైనవి రెండే. ఒకటి ఇనుప ఖనిజం గుట్టల మీంచి ఎగిరొచ్చే ఎర్రదుమ్ము, రెండోది పొద్దున్నే గుమ్మంలో గంప దించే చేపలావిడ. ఆ దుమ్ము దెబ్బకి నేను ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి సన్యాసం పుచ్చుకునేది. చేపలావిడతో మాత్రం బేరం దగ్గర పోట్లాటతో మొదలై స్నేహంలోకి దిగాం. నా ఈడుదే. చెరువు చేప తప్ప ఎరగని దాన్ని, నేను సముద్రం చేప తరిగే తీరు చూడలేక కత్తిపీట లాక్కునేది.

"ఇలాగియ్యక్కా. సచ్చిన సేపని మళ్ళీ సంపుతన్నావు" అనేది.

ఒకరోజు కాఫీ తాగుతూ మీది ఏ ఊరని అడిగాను. "మాది దిబ్బ" అంది. ఆ దిబ్బ ఎక్కడుందంటే, "ఇప్పుడు నేదు. మీ ఆయన క్రేను దాని మీదే ఉంది" అని గ్లాసు కడిగి ఇచ్చి వెళ్ళిపోయింది.

హార్బరు కాలవ మలుపులో, ఆటుపోట్ల నీళ్ళ మధ్య ఒకప్పుడు ఓ ఇసక దిబ్బ ఉండేదట. చుట్టూ నీళ్ళే. మా వైపైతే దాన్ని లంక అంటాం. కాకపోతే మా లంకల్లో అరటీ పసుపూ పండుతాయి, ఆ దిబ్బ మీద తాటాకు ఇళ్ళూ, తెప్పలూ, చేపలు ఎండబెట్టుకునే పందిళ్ళూ తప్ప పచ్చగడ్డి కూడా లేదట. పెద్ద ఓడలు రావాలని కాలవ లోతుగా తవ్వి, ఆ మట్టే పోసి దిబ్బనీ ఒడ్డునీ కలిపేశారు. పైన సిమెంటు వేసి ఓడలు ఆగే బెర్తు కట్టారు. దిబ్బ మీది జనాన్ని గోడ బయట కాలనీలోకి మార్చారు. చేపలావిడకి అప్పటికి ఊహ తెలిసీ తెలియని వయసు. వాళ్ళ అత్తగారికి మాత్రం దిబ్బ మీద ప్రతి గడపా గుర్తే.

ఆ గుర్తులన్నీ పోతాయని బెంగ పెట్టుకున్న మనిషి ఇంకొకాయన ఉన్నారు. సీతమ్మధారలో ఉండే ఒక రిటైర్డు సోషలు మాస్టారు. సర్వీసంతా ఈ కాలనీ బళ్ళోనే చేశారు. రిటైరయ్యాక ఇంట్లో కుదురుగా ఉండొచ్చుగా, ఉండలేదు. రోజూ బస్సెక్కి వచ్చి, కాలనీలోని తుపాను షెల్టరులో ఒక గది అడిగి పుచ్చుకుని, దిబ్బ మీది సామాను పోగెయ్యడం మొదలుపెట్టారు. లంగరు రాయి, చిరిగిన వల, ఒక తెడ్డు, దీపం బుడ్డి, ఏదో ఇంటి తలుపు. గదికి మ్యూజియం అని బోర్డు రాయించారు. మొదట్లో జనం రాలేదు. మా పాత సామాను మేం చూసేదేంటన్నారు కాలనీవాళ్ళు.

"సామాను ఊరికే చూడ్డానికి ఎవరొస్తారమ్మా. అది నోరు విప్పితే వస్తారు" అని మాస్టారు నాటకం కట్టారు. పద్ధతి ఏమిటంటే, వచ్చినవాళ్ళకి ముందు గది చూపిస్తారు. తర్వాత అవే వస్తువుల్ని పక్కనున్న పెద్ద హాల్లోకి మోసుకొచ్చి నాటకం ఆడతారు. గదిలో గోడకున్న వలని హాల్లో కుర్రాళ్ళు విసురుతారు. ఆట అయ్యాక ఎక్కడివక్కడ పెట్టేస్తారు. నటులంతా కాలనీవాళ్ళే. వలకి ముళ్ళు వేసే చేతులకి నాటకంలో కూడా అదే పని కాబట్టి ఎవరికీ బెదురు లేదు.

అంతా కుదిరింది కానీ ఒక్క రంగం దగ్గర బండి ఆగిపోయింది. దిబ్బ మీద ఉన్నప్పుడు ఒక తుపానులో ఒక పడవ వెళ్ళి మరి రాలేదు. అందులో ఉన్నవాడి పెళ్ళాం ఎదురుచూసి ఎదురుచూసి, ఆఖరికి వాడి కంచం బోర్లించి ఏడవాలి. ఆ వేషం కట్టమంటే కాలనీలో ఒక్క ఆడమనిషి ముందుకి రాలేదు.

ఎందుకు రారో చేపలావిడ చెప్పింది. మనిషి వేటకి వెళ్ళి సముద్రం మీద ఉండగా ఇంట్లో ఆడవాళ్ళు ఏడుపు ఎత్తకూడదు. కళ్ళు తుడుచుకోవచ్చు, గొంతు లేవకూడదు. వాడు తినే కంచం కడిగి వెల్లకిలా పెట్టాలి తప్ప బోర్లించకూడదు. కంచం బోర్లా పడితే పడవ బోర్లా పడినట్టే. సినిమాకి వెళ్ళినా ఏడుపు సీను రాగానే వీళ్ళు లేచి బయటికి వచ్చేస్తారని అప్పుడు తెలిసింది నాకు. కాలనీలో మొగుడో, కొడుకో, తమ్ముడో, అల్లుడో సముద్రం మీద లేని ఇల్లు ఏదీ. ఒక కుర్రాడికి చీర కట్టి చూశారు మాస్టారు. వాడు ఏడుస్తుంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మా అక్క ఉంది గదండి. ఆ బావ నేల మీదే ఉంటాడు" అంది చేపలావిడ.

అడగ్గానే గంతేసి ఒప్పుకున్నాను. పెళ్ళిలో తప్ప నలుగురూ నా మొహం చూసింది లేదు మరి. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

నన్ను మొదటిసారి హాలుకి తీసుకెళ్ళిన రోజున చేపలావిడ అత్తగారు అక్కడే ఉంది. ఊరంతా ఆమెని మామ్మ అనే పిలుస్తారు. పొట్టి మనిషి, వంగని నడుము, నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా మట్టిగాజులు. రాని పడవలో ఉన్నది ఆమె భర్తే. కొడుకు, అంటే మా చేపలావిడ మొగుడు, అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడట. శవం రాలేదు. రాలేదు కాబట్టి ఆమె గాజులు తియ్యలేదు, దినం చెయ్యనివ్వలేదు, గొంతెత్తి ఏడవలేదు. ఆయన తిన్న సత్తుకంచం రోజూ కడిగి వెల్లకిలా పెట్టుకుంటూనే వచ్చింది. మాస్టారు బతిమాలగా బతిమాలగా దాన్ని మ్యూజియానికి ఇచ్చింది. తిరగెయ్యకూడదన్న షరతు మీద. నాటకంలో వాడేది మాత్రం బజార్లో కొన్న వేరే కంచం.

మామ్మ నన్ను కిందనుంచి పైకి చూసి, "ఈ పిల్ల మనిసి దిబ్బ మీదే ఉన్నాడు గదేటి" అంది.

మాస్టారే సర్దబోయారు. "మామ్మా, అది ఇప్పుడు సిమెంటు. కింద నీళ్ళూ లేవు, పడవలూ లేవు" అన్నారు.

"సిమెంటు కింద ఏటున్నాది?" అని అడిగింది మామ్మ. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. మాస్టారు తబలా అతని వైపు తిరిగి రిహార్సలు మొదలుపెట్టమన్నారు.

ఆ మాట నాకు చెవిలో జోరీగైపోయింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. క్యాబిన్‌లోంచి కిందికి చూస్తే ఖనిజమూ, కాకులూ తప్ప ఏ దిబ్బా కనపడదన్నారు. నాటకం చూడ్డానికి రమ్మంటే మాత్రం నవ్వు ఆపేశారు. "నేను పోయానని నువ్వు ఏడుస్తుంటే నేనెదురుగా కూచుని చప్పట్లు కొట్టాలా? నేను రాను" అన్నారు. నేను ఏడ్చేది నాటకంలో మొగుడి కోసమని ఎంత చెప్పినా నాకే సరిగ్గా వినపడలేదు.

అయినా ఆడాను. ఒకటికి పదిసార్లు ఆడాం ఆ సంవత్సరం. బళ్ళ పిల్లలు వచ్చారు, ఊరి నుంచి కాలేజీ వాళ్ళు వచ్చారు, మద్దిలపాలెం డిపో నుంచి డ్రైవర్లు కూడా ఒక బృందంగా వచ్చి చూసి వెళ్ళారు. నేను కంచం బోర్లించి గొంతెత్తగానే జనంలో ముక్కులు చీదడం వినిపించేది. కాలనీ ఆడవాళ్ళు మాత్రం ఆ రంగం రాగానే లేచి వరండాలోకి పోయి నిలబడేవాళ్ళు. వాళ్ళ మగాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు కదా. వాళ్ళ వీపులు చూస్తూ ఏడవడం నాకు అలవాటైంది. అలవాటు కానిది ఆ తర్వాతిది. ఆటయ్యాక ఇంటికొచ్చి స్కూటరు చప్పుడు వినిపించేదాకా నాకు మంచినీళ్ళు దిగేవి కావు. పైకి ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నదాన్ని, కృష్ణాజిల్లా దాన్ని, ఈ నమ్మకాలకి బెదురుతానా అని బింకం ఒకటి ఏడిసింది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు. ఆటోలో మైకు కట్టుకుని వచ్చి ఎవరూ వేటకి పోవద్దని చెప్పారు. బయటికి వెళ్ళిన పడవలు కూడా అన్నీ వచ్చేశాయి. ఆ ఆదివారం కాలనీలో మగాళ్ళంతా ఇళ్ళల్లోనే ఉన్నారు. అంతకన్నా మంచి అదను దొరకదని మాస్టారు మధ్యాహ్నం ఆట పెట్టారు. హాలు నిండిపోయింది. ఆడవాళ్ళు పూలు పెట్టుకుని వచ్చారు.

"ఈయాల మా మగోళ్ళందరూ ఇంటికాడే ఉన్నారక్కా. ఎంతేడుత్తావో ఏడు, కూకుని సూత్తాం" అని చేపలావిడ నా బుగ్గ గిల్లింది. మొదటిసారి వాళ్ళు ఆ రంగానికి లేచి వెళ్ళకుండా చూడబోతున్నారు.

మా ఆయనకి ఆరోజు రెండో షిఫ్టు. ఈ గాలిలో వెళ్ళకండి అన్నాను. ఓడ నిలబడి ఉంది, గాలి ఎక్కువైతే వాళ్ళే ఆపేస్తారు అన్నారు. అన్నం తిని స్కూటరు తీశారు. నేను గిన్నెలు తోమి, వంటిల్లు తుడిచి, తాళం వేసి వచ్చాను. హాలుకి వచ్చేసరికి చినుకులు ఏటవాలుగా పడుతున్నాయి. కిటికీ రెక్కలు ఎగిరి కొట్టుకుంటుంటే తాళ్ళతో కట్టారు.

మొదటి రంగం అయింది. రెండోదాంట్లో తుపాను. డప్పులు మోగుతున్నాయి, వాటికి పైనుంచి నిజం గాలి తోడైంది. నేను పక్క తెర వెనక కంచం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడొచ్చాడు మెకానిక్కు. మా నాటకంలోనే లైట్లు చూసే మనిషి, పోర్టులో లారీలు బాగుచేస్తాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి చూపు తప్పించాడు. మాస్టారి దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. మాస్టారు గోడ పట్టుకున్నారు. నేను అదేదో వైర్ల గొడవ అనుకున్నాను. నా వంతు డప్పు మోగింది, లోపలికి నడిచాను.

నడిచి, జనంలోకి చూశాను. ఎప్పుడూ వీపులు కనపడే చోట ఈసారి మొహాలున్నాయి. మెకానిక్కు మాట వెనక వరసల్లోంచి ముందుకి పాకుతోంది, ఒకావిడ చెవి నుంచి ఇంకొకావిడ చెవికి. చెప్పించుకున్న ప్రతి మనిషీ తలెత్తి నన్నే చూస్తోంది. వేషాన్ని కాదు, నన్ను. నా మాటలు నేను చెప్తూనే ఉన్నాను, అవి ఎక్కడికి పోతున్నాయో తెలియదు. కంచం బోర్లించే చోటు వచ్చింది. చెయ్యి ఎత్తాను.

చేపలావిడ చాపల మధ్యలోంచి లేచి పరుగున వచ్చింది. వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, కంచం తిప్పకు" అంది.

డప్పులు ఆగిపోయాయి. ఏమైందని అడిగాను. అది నా చేతిలోంచి కంచం తీసి, వెల్లకిలా కింద పెట్టింది. అప్పుడు మాస్టారే దగ్గరికొచ్చి, బెర్తు మీద గాలికి ఒక క్రేను పడిపోయిందటమ్మా, ఏ క్రేనో ఇంకా తెలియలేదు అన్నారు.

గొంతులోంచి ఏదో లేవబోయింది. పదిసార్లు అందరి ముందూ లేపిన ఏడుపే, తెలిసిన దారే కాబట్టి తన్నుకుంటూ వస్తోంది. నాలుగు చేతులు నా నోటి మీద పడ్డాయి.

"ఏడవకు. తెలిసేదాకా ఏడవకూడదు" అన్నారెవరో.

"పోర్టుకి పోతాను, వదలండి" అన్నాను.

"గేటు కాడ నిలబడి ఏటి సేత్తావు. మా ఆయన ఎల్తన్నాడు. నువ్వు కూకో" అంది చేపలావిడ. దాని మొగుడు అప్పటికే తలకి గోనె కప్పుకుని బయటికి పరిగెత్తుతున్నాడు. నన్ను గోడవార కూచోబెట్టారు. చుట్టూ వాళ్ళు కూచున్నారు. ఆ ఆడవాళ్ళు ఒక్కరూ అయ్యో అనలేదు, నిట్టూర్చలేదు. ఒకావిడ ఇంటికెళ్ళి చేటలో వెల్లుల్లి తెచ్చింది. నా ఒళ్ళో గుప్పెడు పోసి ఒలవమంది. అందరూ ఒలుస్తున్నారు. సంతలో పీతలు ఏ రేటున్నాయో మాట్లాడుకుంటున్నారు. పడవ ఆలస్యమైన ప్రతిసారీ వాళ్ళు చేసేది అదేనని అర్థమైంది. నా గోళ్ళ సందుల్లో వెల్లుల్లి మండుతోంది. వాళ్ళ పీతల రేట్లు వింటూ, దేవుడా ఆయన్ని కిందికి దించు, దించు అని మనసులో అదే మాట తిప్పుతున్నాను.

మామ్మ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూచుంది.

"ఇంటికాడ ఆయన కంచం ఎలాగున్నాది?" అని అడిగింది.

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. ఇందాక వచ్చేముందు తోమి, స్టాండులో బోర్లించి వచ్చాను. మా అమ్మ నేర్పిన పద్ధతే. కడిగిన కంచం బోర్లించకపోతే దుమ్ము పడుతుందని చిన్నప్పుడు నా వీపు మీద ఒకటి అంటించేది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన కంచం ప్రతిరోజూ బోర్లిస్తూనే ఉన్నాను. ఆయన రోజూ దిబ్బ మీదకి వెళ్తూనే ఉన్నారు. మామ్మకి చేత్తో బోర్లించినట్టు చూపించాను.

ఆమె చెయ్యి చాపి, "తాళం ఇయ్యి" అంది.

ఆ వానలో వద్దన్నారు అందరూ. రేకులు ఎగిరిపోతున్నాయన్నారు. ఆమె చీర కొంగు నడుముకి దోపి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడాదిలో కోడలితో పాటు గంప మోసుకుని మా గుమ్మంలోకి ఎన్నిసార్లు వచ్చిందో, దారి ఆమెకి కొత్త కాదు.

తర్వాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. చేపలావిడ మొగుడు తిరిగొచ్చాడు. గోనె ఎక్కడో ఎగిరిపోయింది. వాడు చెప్పకముందే వాడి మొహం చూశాను.

"గేటు మూసీసినారు. ఎవుల్నీ పోనియ్యట్నేదు. క్రేను పడ్డం నిజమే. కింద ఎవులో ఉండిపోనారంటన్నారు" అన్నాడు.

"ఏ క్రేను?"

"తెలీదక్కా."

పీతల మాటలు కూడా ఆగిపోయాయి. అందరి చేతులూ ఒలుస్తూనే ఉన్నాయి, ఒలవడానికి ఇంకేమీ లేకపోయినా. ఆ కాసేపట్లో నేను చచ్చి బతికాను అనడం తేలిక. బతకలేదు, అలా చస్తూనే ఉన్నాను. ఆయన చివరిసారి ఏం మాట్లాడారో గుర్తు తెచ్చుకోబోయాను. వాళ్ళే ఆపేస్తారు అన్నారు. ఇంకేదో మంచి మాట అని ఉండకూడదా అని ఆయన మీద కోపం వచ్చింది. మా చెల్లెలి పెళ్ళికి రానన్నప్పటి గొడవ గుర్తొచ్చింది. ఊరికే ఏవేవో గుర్తొస్తున్నాయి, ఆయన మొహం మాత్రం సరిగ్గా రావడం లేదు. అది అన్నిటికన్నా భయం వేసింది.

అప్పుడు స్కూటరు చప్పుడు వినిపించింది. నేను నమ్మలేదు. గాలి అనుకున్నాను. తలుపు దగ్గరున్న కుర్రాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

ముందు మా ఆయన, వెనక సీటు దిగి మామ్మ. ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. మామ్మ రెండు చేతుల్లో మా ఆయన పేరు చెక్కించిన స్టీలు కంచం, వెల్లకిలా. దాన్నిండా వాన నీళ్ళు.

"ఇప్పుడేడక్కా" అంది చేపలావిడ.

ఏడుపు రాలేదు. లేచి వెళ్ళి, ఆ జనం మధ్యలో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎక్కడ చచ్చావు అన్నాను. ఆ మాట అన్నందుకు మళ్ళీ నా నోరు నేనే మూసుకున్నాను. నువ్వు అని పిలిచింది కూడా ఆరోజే. ఆయన తెల్లబోయి నిలబడ్డారు.

పడిపోయింది ఆయన క్రేనే. గాలి పెరుగుతోందని అందర్నీ దిగిపొమ్మన్నారట. దిగి షెడ్డులో టీ తాగుతుంటే వెనక చప్పుడైందట. కింద ఇరుక్కున్నాడనుకున్న మనిషి కూడా కాలు బెణికి బయటపడ్డాడు. ఆకలేస్తోంది, బట్టలు తడిసిపోయాయి, నేను నాటకంలో ఉంటానని తెలుసు కాబట్టి ఈయన తిన్నగా ఇంటికి పోయారు. తలుపు బార్లా తీసుంది. లోపలికెళ్తే వంటింట్లో ఒక ముసలామె ఆయన కంచం ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"నన్ను చూసి ఉలకలేదు, పలకలేదు. కాసేపు కాళ్ళ వైపు చూసింది. లేచి కంచంలో అన్నం పెట్టి, కూకో, తిను అంది. నాకు భయమేసి తినేశాను" అన్నారు.

"తిన్నారా?"

"మొత్తం తినేదాకా కదలనివ్వలేదు. చెయ్యి కడిగాక అప్పుడు చెప్పింది నువ్విక్కడ ఇలా ఉన్నావని."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనిక్కడ వెల్లుల్లి పొట్టు మధ్య ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూచుంటే, ఈయన అక్కడ పప్పుచారు పోసుకుని తింటున్నారన్నమాట. మామ్మ వైపు తిరిగాను. ముందు నాకు కబురు చెప్పకూడదా అని అడిగాను.

"బువ్వ తింటేనే వచ్చినట్టు. తినకముందు ఏటని సెప్పను?" అంది.

తుపాను ఒడ్డు దాటింది. రెండు రోజులు కరెంటు లేదు. మ్యూజియం గదిలోకి నీళ్ళొచ్చాయి, సామానంతా ఎండబెట్టి మళ్ళీ సర్దారు. సంక్రాంతి దాటాక మాస్టారు కబురు చేశారు, మళ్ళీ ఆట మొదలుపెడదామని. వెళ్ళి, వేరే ఏ వేషమైనా ఇవ్వండి, తెర లాగమన్నా లాగుతాను, ఆ ఏడుపు మాత్రం నేను ఏడవను అని చెప్పేశాను. మాస్టారు నన్ను బలవంతం చెయ్యలేదు. ఆ రంగం తీసేద్దామా అని ఆలోచిస్తున్నారు.

"నానేడుత్తాను" అంది మామ్మ.

గోడవార కూచుని వల చిక్కులు తీస్తోంది. తలెత్తలేదు. ఆమె కొడుకు లేచి నిలబడ్డాడు. వద్దే అమ్మా అన్నాడు. ఆమె వాడి వైపు చూడకుండా నాతోనే చెప్పింది.

"ఆయాల మీ ఆయన వచ్చినాడు గదా. గుమ్మంలో తడి కాళ్ళు, ఒంటి నిండా ఆ ఎర్రదుమ్ము, ఆకలి. వచ్చేవోడు అలాగొత్తాడు. అప్పుడు తెలిసింది నాకు. మావోడు రాడు."

తర్వాతి ఆటకి మా ఆయన మొదటిసారి వచ్చారు. నా పక్కనే చాప మీద కూచున్నారు. తుపాను రంగంలో మామ్మ లోపలి గదిలోంచి వచ్చింది. చేతిలో బజారు కంచం కాదు, తన మొగుడి సత్తుకంచం. హాలు మధ్యలో కూచుని, దాన్ని కొంగుతో తుడిచింది. లోపలా తుడిచింది, అంచూ తుడిచింది. తుడిచి, నెమ్మదిగా నేల మీద బోర్లించింది. నేను నేర్పుగా ఎత్తిన ఏడుపు పదిసార్లు విన్న హాలు అది. ఈమెకి మొదట గొంతే లేవలేదు. లేచాక ఎంతకీ ఆగలేదు. కాలనీ ఆడవాళ్ళు ఒక్కరు కూడా వరండాలోకి వెళ్ళలేదు. వాళ్ళ మగాళ్ళు ఆరోజు సముద్రం మీదే ఉన్నారు. నేను మా ఆయన చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకున్నాను, ఆయన విడిపించుకోలేదు.

ఆట ఆగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కోడలు మామ్మని తీసుకొచ్చి నా పక్కన కూచోబెట్టింది. నుదుట బొట్టు చెరిగిపోయింది, గాజులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మంచినీళ్ళిస్తే తాగింది. గ్లాసు నాకిస్తూ, పక్కనున్న మా ఆయన్ని చూసి అడిగింది.

"తిన్నాడా ఈయన?"

"తిన్నారు మామ్మా" అన్నాను.